పెసరట్టంత గేరు మన డెల్టాకి ఎందుకండీ

నా సైకిల్ పాత క్యాసెట్, అంటే వెనక చక్రానికి ఉండే గేరు పళ్ళ చక్రాల కట్ట, విప్పి కిరసనాయిల్లో కడిగి అరుగు మీద ఆరబెట్టాక అసలు విషయం కనిపించింది. 15 పళ్ళది, 17 పళ్ళది కొక్కేల్లా అరిగిపోయాయి. లోపలి వైపు 37, 42 మాత్రం డబ్బాలోంచి అప్పుడే తీసినట్టు మెరుస్తున్నాయి. రెండేళ్ళపాటు రాజోలు చుట్టుపక్కల ఏటిగట్లన్నీ తిరిగాను, వాటితో నాకు పని పడిందే లేదు. మా వీధి చివర సైకిల్ షాపు బాబాయ్ మొదటి రోజే అన్నాడు, "ఏంటబ్బాయ్, వెనకాల పెసరట్టంత గేరుంది, కొండలేమన్నా ఎక్కుతావా?" అని. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను.

నాది షిమానో కంపెనీ జీఆర్‌ఎక్స్ అనే 11 గేర్ల సెట్. ముందు పెడళ్ళ దగ్గర ఒకటే రింగు, 40 పళ్ళు, వెనక 11-42 క్యాసెట్, అంటే చిన్న చక్రానికి 11 పళ్ళు, పెద్దదానికి 42. మట్టి దారుల్లో తొక్కే గ్రావెల్ బైకులు చాలా వాటికి ఇలాంటి అమరిక ఉంటుంది. (గ్రావెల్ బైక్ అంటే మావాళ్ళు లారీలో గ్రావెల్ తోలే బండి అనుకున్నారు, వాళ్ళ తప్పేం లేదు, ఇక్కడ గ్రావెల్ అంటే గట్ల మీద పోసే ఎర్రమట్టే కదా.) వెనక పళ్ళు ఎక్కువైతే తొక్కడం తేలిక కాబట్టి కొండ దారులున్న చోట ఈ సెట్ బంగారం. కానీ ధవళేశ్వరం దిగువన మనకి కొండలేవండీ? లాకుల దగ్గర గట్టు ఎక్కే చిన్న మిట్ట, వంతెనల ఎత్తు, సఖినేటిపల్లి రేవులో పంటు దిగాక పైకొచ్చే బురద ఏటవాలు, అంతే.

మనకి కొండంటే గాలి. సాయంత్రం నాలుగింటికి అంతర్వేది వైపు బయల్దేరి చూడండి. కొబ్బరి తోటలు ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, రొయ్యల చెరువులు మొదలయ్యాక అడ్డం ఒక్క చెట్టు కూడా ఉండదు, సముద్రం గాలి గుండెల మీద చెయ్యి పెట్టి వెనక్కి తోసినట్టే ఉంటుంది. గంటకి 25 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్న వాడు 17కి పడిపోతాడు. కొండ అయితే ఎక్కేస్తే అయిపోతుంది, గాలి అలా కాదు, గంటసేపు ఒకే బరువు. అప్పుడు కావాల్సింది తేలిక గేరు కాదు, కాలికి సరిగ్గా సరిపోయే గేరు.

నా దగ్గర అదే లేదు. 11-42లో పళ్ళ వరస 11, 13, 15, 17, 19, 21, 24, 28, 32, 37, 42. నావి 40 మిల్లీమీటర్ల టైర్లు, నిమిషానికి 80 సార్లు తొక్కితే 21 పళ్ళ చక్రంలో 20 కిలోమీటర్ల వేగం, 24లో పదిహేడున్నర, 28లో 15. ఎదురుగాలిలో మనం బతికేది సరిగ్గా ఈ 15కీ 20కీ మధ్యనే, అక్కడేమో మూడే మెట్లు. ఒకటి తొక్కితే మోకాళ్ళు పట్టేస్తాయి, పక్కది వేస్తే కాళ్ళు గాల్లో తిరుగుతాయి.

అందుకే క్యాసెట్ ఎలాగూ అరిగింది కదా అని 11-34 తెప్పించి, ముందు రింగు 44 వేశాను. ఒట్టి క్యాసెట్ మారిస్తే సగం ఉపయోగమే, ఇది చాలామంది గమనించరు. 11-34 కూడా 21 వరకు పాత వరసే, ఆ తర్వాతే 23, 25, 27, 30, 34 అని దగ్గర దగ్గరగా వస్తాయి. ఆ దగ్గరి పళ్ళు మనం తొక్కే వేగంలోకి రావాలంటే ముందు రింగు పెరగాలి. ఇప్పుడు అదే 80 లెక్కన 23, 25, 27, 30 పళ్ళ మీద వేగాలు వరసగా 20, పద్దెనిమిదిన్నర, 17, పదిహేనున్నర. అదే జాగాలో నాలుగు మెట్లు. కాగితం మీద ఒక్క మెట్టే ఎక్కువ, చెరువుల మధ్య ఆ ఒక్కటే చాలు.

ఇంకో లాభం నేను అనుకోనిది. ఇదివరకు మామూలుగా 25 వేగంలో వెళ్ళేటప్పుడు చైను 17 పళ్ళ చక్రం మీద, అంటే క్యాసెట్‌లో బయటి అంచు వైపు వంకరగా నడిచేది. ఇప్పుడు 19, 21 మీద, దాదాపు నడిమధ్యన తిన్నగా నడుస్తోంది. చప్పుడు తగ్గింది. ఎక్కువ పళ్ళ మీద బరువు పంచుకుంటుంది కాబట్టి అరుగుదల కూడా తగ్గాలి. ఆరు నెలలైంది, చైను ఎంత సాగిందో కొలిచే గేజ్ పెట్టి చూస్తే ఇంకా 0.5 శాతం దాటలేదు. 11 గేర్ల చైను 0.5 దగ్గర మార్చేయాలి, బద్ధకిస్తే క్యాసెట్‌ని కూడా తినేస్తుంది. నా పాతదానికి జరిగింది అదే, తప్పు నాదే.

ఇక ఇబ్బందులు. నా వెనక డెరైలర్, అంటే చైనుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపేది, ఆర్‌ఎక్స్ 812 మోడల్. దానికి క్యాసెట్‌లో పెద్ద చక్రం 40 నుంచి 42 పళ్ళు ఉండాలని కంపెనీ లెక్క. 34తో నడుస్తుంది కానీ డెరైలర్‌కీ క్యాసెట్‌కీ మధ్య దూరం సర్దే బీ స్క్రూ తిప్పుకోవాలి, అయినా కింది గేర్లలో మార్పు కాస్త నిదానం. చైను రెండు లింకులు కోయాల్సి వచ్చింది. 44 రింగు అన్ని ఫ్రేములకీ పట్టదు, పెడళ్ళ నుంచి వెనక చక్రం దాకా వెళ్ళే ఫ్రేము గొట్టానికి (చైన్‌స్టే) తగులుతుంది, కొనే ముందు అక్కడ ఖాళీ కొలుచుకోండి. ఇంకా ఈ 11-34కి 11 గేర్ల రోడ్డు సైకిల్ హబ్ (చక్రం ఇరుసు భాగం) మీద వెనకాల 1.85 మిల్లీమీటర్ల స్పేసర్, అంటే ఖాళీ నింపే రింగు, ఉండాలి. బిగించడానికి ఇచ్చిన సిటీ షాపులో పాత క్యాసెట్‌తో పాటు ఆ స్పేసర్ కూడా తీసి డబ్బాలో పడేశారు. ఇంటికొచ్చేసరికి క్యాసెట్ గిలక్కాయలా ఊగుతోంది. మళ్ళీ అంత దూరం వెళ్ళి డబ్బా వెతికించి, ఎదురుగా కూర్చుని వేయించుకున్నాను.

అన్నీ కలిపి పదివేలు దాటింది. రెండు రింగుల జీఆర్‌ఎక్స్, 46-30ది, వేసుకోవచ్చుగా అంటారేమో. కొత్తగా బండి కొనేవాళ్ళకి నేనూ అదే చెప్తాను. ఉన్న బండికి అయితే క్రాంకు (పెడళ్ళ కడ్డీలు), ముందు డెరైలర్, ఎడమ చేతి గేరు మీట అన్నీ మార్చాలి, పైగా వానాకాలం గట్టు మీద ఒండ్రు మట్టి ముందు డెరైలర్‌లో ఎలా కూరుకుంటుందో మా ఫ్రెండ్ బండికి చూశాను, పుల్లతో గీకి తీశాం.

మారేడుమిల్లి మాత్రం వెళ్ళకండి ఈ సెట్‌తో. నేను వెళ్ళాను. 44కి 34తో నిమిషానికి 60 తొక్కాలంటే పది కిలోమీటర్ల వేగం ఉండాలి, ఘాట్ మీద నాకు ఏడే వచ్చింది, రెండు మలుపులు దిగి నెట్టుకుంటూ నడిచాను. నెలకోసారి ఏజెన్సీ వైపు వెళ్ళే రాజమండ్రి వాళ్ళు 11-42 ఉంచుకోండి. అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు వాళ్ళు మాత్రం ఉన్న క్యాసెట్ అరిగేదాకా ఆగి, అప్పుడు మార్చండి.