పోస్టాఫీసు ఫిర్యాదులు: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత నా మాట

పాత పుస్తకాలు కొని అమ్మడం నా పని. విజయవాడ నుంచి నెలకు ముప్పై, నలభై కట్టలు పోస్టులో వెళ్తాయి. చాలావరకు చక్కగా చేరతాయి. ఈ సమీక్ష చేరని కట్టల గురించి. అప్పుడు ఎవరిని అడగాలి, అడిగితే ఏమవుతుంది అన్నదే విషయం.

ముందు రసీదు. స్పీడ్ పోస్ట్ రసీదు మీద మొదట రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర ‘ఐఎన్’ ఉండే నంబరు ఉంటుంది. అది లేకపోతే ఫిర్యాదు కదలదు. మొదట్లో రసీదులన్నీ స్కూటర్ డిక్కీలో పడేసేవాణ్ణి. బెజవాడ ఎండకి సగం నల్లబడ్డాయి, సగం వెలిసిపోయాయి. అప్పటినుంచి కౌంటరు దగ్గరే ఫోనుతో ఫొటో తీసుకుంటున్నాను.

టోల్ ఫ్రీ నంబరు 1800 266 6868. మనకు ట్రాకింగ్‌లో కనిపించేదే వాళ్లూ చూస్తారు కాబట్టి ‘నా కట్ట ఎక్కడుంది’ అనడానికి ఫోన్ చేయడం దండగ. ఫిర్యాదు నమోదు చేయించుకుని నంబరు తీసుకోవడానికైతే పనికొస్తుంది. ప్రశ్నలు మాత్రం కౌంటరులోనే అడగాలి, అదీ పదకొండు లోపు, రద్దీ మొదలవకముందే. 2025 ఆగస్టు చివర్లో అమెరికాకు పార్సిళ్లు తీసుకోవడం ఆపేస్తున్నారని, డల్లాస్ వెళ్లాల్సిన రెండు కట్టలు చేతిలో పట్టుకుని నిలబడ్డ నాకు మొదట చెప్పింది మా కౌంటరు మేడం గారే. అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలయ్యాక ‘తెచ్చుకోండి’ అన్నదీ ఆవిడే.

ఇక అసలు కథ. మూడేళ్ల కిందట ఓ పాత నిఘంటువు పంపాను. ట్రాకింగ్‌లో ‘డెలివరీ అయింది’ అని పడింది. తీసుకోవాల్సిన మాస్టారు మాత్రం అందలేదంటారు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: ‘డెలివరీ అయింది’. ఫిర్యాదు మూసేశారు! నేను అడిగిందే తిప్పి నాకు చెప్పినట్టుంది. తప్పు నాదీ ఉంది. ‘పుస్తకం అందలేదు, న్యాయం చేయండి’ అని పేజీడు రాశాను. అంత రాస్తే ఎవరు చదువుతారు?

రెండోసారి కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో మూడే ముక్కలు రాశాను: ఏ తేదీన ఇచ్చారు, ఎవరి చేతికి ఇచ్చారు, సంతకం కాపీ ఇవ్వండి. వారం తిరక్కుండా డివిజన్ ఆఫీసు నుంచి ఫోను. మాస్టారు ఉండే భవనంలో కింద మందుల షాపు అబ్బాయి సంతకం పెట్టి తీసుకున్నాడట. నిఘంటువు నెలరోజులుగా దగ్గు మందు పెట్టెల వెనక భద్రంగా ఉంది. సీపీగ్రామ్స్‌లో ఇప్పుడు గడువు 21 రోజులు. జవాబు నచ్చకపోతే అప్పీలు ఉంది, దాన్ని వదులుకోకండి. ఆన్‌లైన్ తెలియనివాళ్లకు డాక్ అదాలత్ ఉంది, అంటే పోస్టల్ అధికారులే కూర్చుని ఫిర్యాదులు వినే సమావేశం. నేనొకసారి వెళ్లాను. నా పని రెండు నిమిషాల్లో తేలిపోయింది, వంతు కోసం కూర్చున్నది మాత్రం రెండు గంటలు.

పరిహారం మీద ఆశ పెట్టుకోకండి. స్పీడ్ పోస్ట్ ఆలస్యమైతే కట్టిన చార్జీ వెనక్కి ఇస్తారు. కట్ట పోతే చార్జీకి రెండింతలు లేదా 1000 రూపాయలు, ఏది తక్కువైతే అది. పుస్తకం ధర ఎంతైనా లెక్క ఇదే. నాకు ఒకసారి వచ్చింది, ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ టిఫిన్ చేశాం. విలువైనది పంపితే ఇన్సూరెన్స్ చేయించాల్సిందే.

మార్కులు వేయమంటే ఫిర్యాదుకు అయిదుకు నాలుగు, ప్రశ్నకు రెండు. ఆ రెండూ కౌంటరు మేడం గారివే.

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇప్పుడు అదనంగా 5 రూపాయలు, దాని మీద జీఎస్టీ కడితే ఓటీపీ చెప్పినవాళ్లకే కట్ట ఇస్తారు. మందుల షాపు గొడవ ఇక ఉండదని సంబరపడి అన్నిటికీ కట్టడం మొదలుపెట్టాను. మొదటి వారమే గుంటూరులో ఒక పెద్దాయన, ఓటీపీ అడిగిన పోస్ట్‌మ్యాన్‌ని సైబర్ దొంగ అనుకుని గుమ్మంలోంచే తరిమేశారు. కట్ట నా దగ్గరికే తిరిగొచ్చింది. దీనికి ఎవరిమీద ఫిర్యాదు పెట్టమంటారు?