థండర్‌బర్డ్: మెయిల్ వస్తోంది గానీ వెళ్లట్లేదు అన్న రోజుల్లో పనికొచ్చిన సాఫ్ట్‌వేర్

నరసాపురంలో లేసు ఎగుమతి చేసే ఆఫీసులో మెయిళ్ల పని నాది. శాంపిల్ ఫోటోలు, కొటేషన్లు, ఇన్‌వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, రోజూ ఏదో ఒకటి బయటికి వెళ్లాల్సిందే. యూరప్‌లో ఆఫీసులు తెరిచేసరికి మనకి మధ్యాహ్నం భోజనాల వేళ, ఆలోపు కొటేషన్ అందకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది. అందుకని థండర్‌బర్డ్ అందచందాల జోలికి పోకుండా, మెయిల్ పంపే విషయంలో అదెలా ఉందో అంతవరకే రాస్తున్నాను. కంప్యూటర్‌లో మెయిళ్లు చదవడానికి, పంపడానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, మొదటి పూర్తి వెర్షన్ 2004 డిసెంబరులో వచ్చింది. మా ఆఫీసులో ఏళ్ల తరబడి ఇదే నడుస్తోంది.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, మెయిల్ వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదో చెబుతుంది. ఆ ఎర్రర్ బాక్సు రాగానే చాలామంది చదవకుండా ఓకే కొట్టేస్తారు. దయచేసి కొట్టకండి, అసలు సంగతంతా అందులోనే ఉంటుంది, చాలాసార్లు సర్వర్ (మన మెయిల్ అందుకుని ముందుకు పంపే అవతలి కంప్యూటర్) ఇచ్చిన మూడంకెల కోడుతో సహా. 535 వస్తే సర్వర్ మన లాగిన్ ఒప్పుకోలేదు. 552 వస్తే ఎక్కువసార్లు అటాచ్‌మెంట్ బరువెక్కువైనట్టు. 550 పక్కన రిలే (అంటే మెయిల్‌ని వేరే సర్వర్‌కి చేరవేయడం) అన్న మాట కనిపిస్తే లాగిన్ లేకుండా పంపబోయామని, లేదా ఒకరి అడ్రసుతో ఇంకొకరి సర్వర్ గుండా పంపబోయామని అనుమానించాలి. అదే టైమ్డ్ అవుట్ అని వస్తే మన కంప్యూటర్‌కి సర్వర్ నుంచి జవాబే రాలేదు, కాబట్టి పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఉపయోగం ఉండదు.

"మెయిళ్లు వస్తున్నాయి కదండీ, నెట్ బాగానే ఉంది, పంపేవే ఎందుకు ఆగాయి?" అని మా అకౌంట్స్ అమ్మాయి అడిగింది. వచ్చే దారి వేరు, పోయే దారి వేరు. మన చేలకి పంట కాలువలో నీళ్లు నిండుగా వస్తున్నంత మాత్రాన మురుగు కాలువ లాగుతున్నట్టు కాదు కదా, ఇదీ అంతే. వచ్చే మెయిళ్లకి ఐమ్యాప్ సర్వర్, వెళ్లే వాటికి ఎస్ఎంటీపీ సర్వర్, రెండింటికీ పోర్టులు (సర్వర్‌కి ఉండే నంబరు తలుపుల్లాంటివి) వేరు, ఒక్కోసారి పాస్‌వర్డ్ కూడా వేరుగా సేవ్ అయి ఉంటుంది. ఇన్‌బాక్స్‌కి కొత్త పాస్‌వర్డ్ ఇచ్చాం, అవుట్‌గోయింగ్‌లో పాతదే మిగిలిపోయింది, అనేది చాలాచోట్ల కనిపించే కారణం. ఇక్కడే ఈ సాఫ్ట్‌వేర్ మీద నా ఫిర్యాదు కూడా ఉంది: అవుట్‌గోయింగ్ సర్వర్ సెట్టింగ్‌ని అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎడమవైపు అకౌంట్లన్నిటి కింద పెట్టారు. తెలిసినవాడు చూపిస్తే తప్ప కొత్తవాళ్లకి కనపడదు.

మాకు ఎక్కువ తిప్పలు పెట్టింది మాత్రం పోర్టు. ఊళ్లో నెట్ కనెక్షన్ మార్చుకున్నాక అప్పటిదాకా సాఫీగా వెళ్తున్న మెయిళ్లు ఒక్కసారిగా టైమ్డ్ అవుట్ అనడం మొదలెట్టాయి. డొమైన్ మెయిల్ (కంపెనీ సొంత పేరుతో ఉండే అడ్రసు) ఎప్పుడో పెట్టించినది, పాత పద్ధతిలో 25 పోర్టు మీద ఉంది. వైరస్ పట్టిన కంప్యూటర్లు యజమానికి తెలియకుండా ఆ పోర్టు గుండానే స్పామ్ కుమ్మరిస్తాయని చాలా నెట్ కంపెనీలు 25ని మూసేస్తాయి, అందులో తప్పు పట్టేదేం లేదు, కానీ ముందు చెప్పరు. తేల్చుకునే ఉపాయం తేలిక: అదే కంప్యూటర్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి అదే మెయిల్ మళ్లీ పంపండి, వెళ్లిపోతే అనుమానం మీ లైను మీదకే పోతుంది. మందు కూడా తేలికే, 587 పెట్టి స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకోవాలి, లేదా 465 పెట్టి ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్. రెండూ మెయిల్‌ని దారిలో ఎవరూ చదవకుండా పంపే పద్ధతులే. ఈ జతలు మాత్రం తారుమారు కాకూడదు. 465కి స్టార్ట్‌టీఎల్ఎస్ పెడితే పంపుతున్నట్టు చూపే గీత అటూ ఇటూ పాకుతూనే ఉంటుంది, మెయిల్ కదలదు, చూసేవాళ్లకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. రెండిట్లో దేన్ని మీ సర్వర్ ఇస్తే దాన్ని వాడుకోవచ్చు, రెండూ ఉంటే నేను 465 వైపే మొగ్గుతాను, 2018లో వచ్చిన ఇంటర్నెట్ మెయిల్ ప్రమాణం కూడా అదే మేలంటోంది.

జీమెయిల్ అకౌంటుకి ఇంకో సంగతి. 2022 మే 30 తర్వాత మామూలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రాముల నుంచి పంపే వీలు తీసేశారు. అథెంటికేషన్ (లాగిన్ పద్ధతి) దగ్గర ఓఆథ్2 అన్నది పెడితే బ్రౌజర్ కిటికీ లాంటిది తెరుచుకుని లాగిన్ అడుగుతుంది, అయిపోతుంది.

గోడౌన్‌లో ఉన్న పాత డెస్క్‌టాప్ సంగతి వేరు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దాని తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లేది, వెంటనే థండర్‌బర్డ్ సర్వర్ సర్టిఫికెట్ (అది అసలు సర్వరేనని చెప్పే గుర్తింపు పత్రం లాంటిది) చెల్లదని మొరాయించేది. ఆ తేదీకి ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు మరి. మదర్‌బోర్డు మీదుండే రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, మార్చాక గొడవ వదిలింది. వార్నింగ్ వచ్చినప్పుడు పర్లేదు అని ఒప్పేసుకుని ముందుకు పోవడం మాత్రం వద్దు, ముందు గడియారం చూడండి.

లేసు ఫోటోల గురించి చెప్పాలి. కుట్టు కనపడాలని దగ్గర్నుంచి తీస్తాం, ఒక్కోటి చాలా బరువుంటుంది. జీమెయిల్ హద్దు 25 ఎంబీ, కానీ మెయిల్‌లోకి ఎక్కించేటప్పుడు ఫైలు సుమారు మూడోవంతు ఉబ్బుతుంది కాబట్టి 18 ఎంబీ దాటితే ఆశ వదులుకోవచ్చు. నేను ఫోటోలు చిన్నవి చేసి పంపి, పెద్దవాటికి డ్రైవ్ లింక్ ఇస్తాను.

బాగా ఇబ్బంది పెట్టేది ఇంకోటుంది. మెయిల్ వెళ్లిపోయాక దాని కాపీని సెంట్ ఫోల్డర్‌లో పెట్టేటప్పుడు నెట్ తెగితే అప్పుడూ ఎర్రర్ బాక్సే వస్తుంది. చదవనివాళ్లు మెయిల్ వెళ్లలేదనుకుని మళ్లీ పంపుతారు, అవతల కొనుగోలుదారుకి ఒకే ఇన్‌వాయిస్ రెండు చేరి, ఏది సరైనదని తిరిగి ఉత్తరం వస్తుంది. ఆ బాక్సులో మెయిల్ వెళ్లింది, కాపీ మాత్రం పడలేదు అని ఇంగ్లీషులో స్పష్టంగానే ఉంటుంది, కానీ రెండు బాక్సులూ చూడ్డానికి ఒకేలా ఉంటే హడావుడిలో ఎవరికి తేడా తెలుస్తుంది? థండర్‌బర్డ్ తయారుచేసేవాళ్లు దీన్ని మార్చాలి.

నెట్ నిలకడగా లేని చోట మాత్రం సెండ్ లేటర్ వాడండి. మెయిళ్లు అవుట్‌బాక్స్‌లో పదిలంగా ఉంటాయి, లైను రాగానే అన్నీ కలిపి పంపొచ్చు. తుఫాను రోజుల్లో మేం చేసేది అదే. విండోస్ 7 మీద ఇంకా నెట్టుకొస్తున్నవాళ్లకి 115 వెర్షనే ఆఖరిది, కొత్తవి అందులో ఎక్కవు, ఈ మాట డౌన్‌లోడ్ చేసేముందే తెలిస్తే మంచిది.