హమ్‌జింగర్ హైవ్యూ: కొనేదుంటే రెండు కొనండి

అమెరికాలో పెరట్లో హమ్మింగ్‌బర్డ్ ఫీడర్ (ఆ చిన్నపిట్టలు తాగడానికి పంచదార పాకం పోసి వేలాడదీసే పాత్ర) పెట్టాలనుకుంటే ఆస్పెక్ట్స్ కంపెనీ హమ్‌జింగర్ హైవ్యూ నిక్షేపంగా కొనొచ్చు. 12 ఔన్సుల పారదర్శకమైన పళ్లెం, పైన 4 రంధ్రాలున్న ఎర్రమూత, చుట్టూ ఎత్తుగా కూర్చునే కమ్మీ. పిట్ట తాగుతూనే తల తిప్పి చుట్టూ చూసుకోగలదు. కానీ ఒక్కటే తగిలిస్తే చాలాసార్లు ఒకే పిట్ట కనబడుతుంది.

హమ్మింగ్‌బర్డ్‌లు మన తేనెపిట్టలు కావు, వేరే జాతి. తూర్పు రాష్ట్రాల్లో కనిపించే రూబీ థ్రోటెడ్ రకం మగపిట్ట బరువు 3 గ్రాములు. ఫీడర్ దగ్గర్లో ఆకుల్లేని రెమ్మ చూసుకుని కూర్చుంటుంది. గొంతు నల్లగా ఉన్నట్టే ఉండి, ఎండవైపు తిరగ్గానే నిప్పుకణికలా భగ్గుమంటుంది. ఇంకోటి వాలబోతే కిచకిచమంటూ మీదికి దూకి, కంచె దాటేదాకా తరుముతుంది. పశ్చిమాన ఉండే రూఫస్ రకం అయితే మరీ గట్టిది, తనకన్నా పెద్దవాటినీ నిలవనివ్వదు. పువ్వుల్లో తేనె కొంచెమే ఉంటుంది కాబట్టి కాపలా కాయడం వాటికి బతుకు. ఫీడర్ నిండుతూనే ఉంటుందని వాటికేం తెలుసు!

అందుకే రెండోది ఇంటి మూల తిరిగాక, మొదటిచోటి నుంచి కనబడకుండా తగిలించండి. ఒకే కొమ్మకి పక్కపక్కన రెండు కడితే రెండిటికీ ఒకటే కాపలా కాస్తుంది. పిట్టలు బాగా ఎక్కువగా వచ్చే చోట మాత్రం నాలుగైదు దగ్గరదగ్గరగా పెట్టినా పనిచేస్తుంది, అన్నిటినీ ఒక్కటే తరమలేదు.

సీసా బోర్లించిన రకంలో ఎండకి లోపలి గాలి వ్యాకోచించి పాకం కారుతుంది, దానికి చీమలు, కందిరీగలు చేరతాయి. పళ్లెంలో ఆ బాధ లేదు. పాకం రంధ్రానికి దిగువన ఉంటుంది, పిట్ట నాలుక అందుకుంటుంది, తేనెటీగకి అందదు. మధ్యలో చీమల్ని ఆపడానికి ఉన్న గుంటలో రోజూ నీళ్లు పోయాలి, నూనె వద్దు. ఎండిందంటే చీమలు దిగినట్టే. గాలికి ఊగితే మాత్రం పళ్లెంలోంచి ఒలుకుతుంది, గాలి తక్కువ తగిలేచోట కట్టాలి.

పాకం: తెల్ల పంచదార ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు. సగం పళ్లేనికి 3 టేబుల్‌స్పూన్ల పంచదార, ముప్పావు కప్పు నీళ్లు సరిపోతాయి. కరిగాక చల్లార్చి పోయండి. బెల్లం, బ్రౌన్ షుగర్ వద్దు, వాటిలో ఇనుము ఈ పిట్టలకి ఎక్కువవుతుంది. తేనె త్వరగా పులుస్తుంది. ఎర్రరంగు అక్కర్లేదు, మూత ఎరుపు చాలు.

నిండా పోయాలనిపిస్తుంది, పోయకండి. 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండల్లో రెండురోజులకే పాకం మబ్బుగా మారుతుంది, మిగిలిందంతా పారబోయాలి. మార్చేటప్పుడల్లా మూత ఊడదీసి వేడినీళ్లతో కడగండి. రంధ్రాల అంచుల్లో నల్లబూజు పడుతుంది, అది బయటికి కనబడదు. సన్నబ్రష్‌తో, వెనిగర్‌తో తోమితే పోతుంది. మూత పూర్తిగా విడిపోవడం వల్ల ప్రతి మూలకీ చెయ్యి అందుతుంది. ఈ ఒక్క కారణానికే మిగతావాటికన్నా ఇది మెరుగు.

ఫీడర్ ఉంటే పిట్టలు వలస మానేస్తాయని భయపడక్కర్లేదు. చివరి పిట్ట కనబడ్డాక కూడా రెండువారాలు ఉంచండి, ఆలస్యంగా దక్షిణానికి వెళ్లేవాటికి అక్కరకొస్తుంది.