రొటొరువా వెళితే కివి హ్యాచరీని వదలకండి

న్యూజిలాండ్‌కు వచ్చిన మన వాళ్లను రొటొరువా తీసుకెళ్లడం ఇక్కడ ఆనవాయితీ. వేడినీటి బుగ్గలు, ఉడికే బురద గుంటలు, అగ్రోడోమ్‌లో గొర్రెల ప్రదర్శన చూపించి తిరిగొచ్చేస్తాం. అదే అగ్రోడోమ్ ఆవరణలో జాతీయ కివి హ్యాచరీ ఉంది, అంటే కివి అనే పక్షి గుడ్లను పొదిగించి పిల్లలను పెంచే కేంద్రం. టికెట్ కొని గైడు వెంట లోపలికి వెళ్లాలి. ఒక్కదానికే సమయం ఉందంటే గొర్రెలను వదిలేసి దీన్ని చూడండి.

నేను ప్రసూతి వార్డులో నర్సును. మూడు కిలోల బిడ్డ, మూడున్నర కిలోల బిడ్డ అని రోజూ రాసే చేయి కాబట్టి, కివి లెక్క వినగానే మనసు ఆగిపోయింది. గోధుమ రంగు కివి ఆడపక్షి మూడు కిలోలకు కాస్త తక్కువ ఉంటుంది. అది పెట్టే గుడ్డు నాలుగు వందల గ్రాములు దాటుతుంది. అంటే తల్లి బరువులో ఇంచుమించు ఆరో వంతు, ఒక్కోసారి ఐదో వంతు. అరవై కిలోల స్త్రీ పది, పన్నెండు కిలోల బిడ్డను కనడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. గుడ్డు పెట్టే ముందు ఆఖరి రోజుల్లో లోపల చోటు చాలక ఆ పక్షి తిండి కూడా సరిగా తినలేదట. పైగా కొన్ని వారాల తేడాతో రెండో గుడ్డు కూడా పెడుతుంది.

తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు నాతోనే ఉన్నారు. పెరట్లో కోళ్లను పెంచిన మనిషి. "ఇంత గుడ్డు పెట్టి మళ్లీ అదే పొదుగుతుందా అమ్మాయ్?" అని అడిగారు. గైడుకు చెబితే ఆయన సంతోషంగా జవాబిచ్చారు: ఈ జాతిలో పొదిగేది తండ్రే, దాదాపు ఎనభై రోజులు. "మరి పిల్లకు మేత ఎవరు పెడతారు?" అన్నది ఆవిడ రెండో ప్రశ్న. ఎవరూ పెట్టరు. అందుకే గుడ్డు అంత పెద్దది. కోడిగుడ్డులో పచ్చసొన మూడో వంతు చుట్టుపక్కల ఉంటే, కివి గుడ్డులో అది మూడింట రెండు వంతులు. పిల్ల గుడ్డు పెంకును లోపలి నుంచి కాళ్లతో తన్ని బయటపడుతుంది. అప్పటికే ఒంటినిండా ఈకలు, పొడవాటి ముక్కు, అచ్చం పెద్ద పక్షి రూపమే. పొట్టలో మిగిలిన సొనతోనే వారం, పది రోజులు గడిపేస్తుంది. తల్లి ముందుగానే కట్టి ఇచ్చిన సద్దిమూట అది.

ఇంత సిద్ధపడి పుట్టిన పిల్లను కూడా అడవి బతకనివ్వడం లేదు. కుందేళ్లను అదుపు చేయడానికి 1880ల్లో యూరప్ నుంచి తెచ్చి వదిలిన స్టోట్ అనే చిన్న మాంసాహారి వీటిని వేటాడుతోంది. రక్షణ లేని అడవుల్లో వందకు ఐదు పిల్లలే పెద్దవవుతాయి. 1994లో మొదలైన గుడ్ల సేకరణ పథకం దీనికి జవాబు. మగపక్షి కాలికి చిన్న ట్రాన్స్‌మీటర్ కడతారు. దాని కదలికలు తగ్గాయంటే పొదుగుతోందని అర్థం. అప్పుడు గుడ్లను తెచ్చి ఇక్కడ ఇంక్యుబేటర్లలో పెడతారు. పిల్లలు దాదాపు కిలో బరువుకు చేరి, స్టోట్‌ను ఎదిరించగలిగాకే అడవిలోకి. ఈ పద్ధతిలో వందకు అరవై ఐదు దాకా బతుకుతున్నాయి. ఈ హ్యాచరీలో ఇప్పటివరకు రెండు వేలకు పైగా పిల్లలు పుట్టాయి.

అద్దం వెనుక పిల్లను తూకం వేస్తుంటే చూడటం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఆ సిబ్బంది చేతుల్లో తొందర లేదు, ముద్దు చేయడమూ లేదు. పసిబిడ్డను ఎత్తడం తెలిసిన చేతులు అలాగే ఉంటాయి. అడవికి వెళ్లాల్సిన పక్షిని మనిషికి అలవాటు చేయకూడదని వాళ్లకు బాగా తెలుసు. గైడు కూడా బట్టీ పట్టిన పాఠం చెప్పలేదు. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆగి, ఇష్టంగా చెప్పారు.

పిల్లలు పుట్టే కాలం సుమారుగా సెప్టెంబరు నుంచి మార్చి వరకు. సంక్రాంతి సెలవుల్లో వచ్చే బంధువులకు సరిగ్గా కుదురుతుంది. చిన్న బృందాలుగానే పంపుతారు కాబట్టి ముందే బుక్ చేసుకోండి. పసిపిల్లలతో వెళ్లేవారు వాళ్లకు కాస్త నెమ్మదిగా ఉండమని చెప్పి తీసుకెళ్లండి, కివి ఎంత చిన్న చప్పుడునైనా పట్టేస్తుంది. బడికి వెళ్లే వయసు పిల్లలుంటే మాత్రం తప్పకుండా వెంట తీసుకెళ్లండి. గైడును అడగాల్సిన మొదటి ప్రశ్న గుడ్డు బరువు గురించే కానివ్వండి.