పాలు మాన్పించిన పందిపిల్లలకు పులియబెట్టిన సోయా చెక్క: మూడేళ్లు వాడాక

జడ్చర్ల దగ్గర మాకు పన్నెండు తల్లి పందుల షెడ్డు ఉంది. అన్నీ యార్క్‌షైర్ సంకరజాతివే. పిల్లలను 42వ రోజున తల్లి నుంచి వేరు చేస్తాం. ఆ తర్వాతి రెండు వారాలు నాకు కంటి మీద కునుకు ఉండేది కాదు. మూడో రోజు తెల్లవారుజామున వెళ్లి చూస్తే తోకల కింద తడి, వెనక కాళ్లకు అంటుకున్న పసుపుపచ్చని పారుడు, తొట్టిలో ముట్టని దాణా. మందుతో తేరుకున్న పిల్లలు కూడా నెల రోజులపాటు ఎదుగూ బొదుగూ లేకుండా, వెన్నెముక తేలి తిరిగేవి.

లోపం దాణాలో ఉందని ఆలస్యంగా తెలుసుకున్నాను. వేరుశనగ మా ప్రాంతపు పంట కాబట్టి నూనె తీశాక మిగిలే ఆ చెక్కకు కొదవ లేదు. కానీ అందులో పిల్లల ఎదుగుదలకు కావలసిన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. బూజు పట్టిందంటే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది ఉడకబెట్టినా పోదు. పత్తిగింజల చెక్కలోని గాసిపాల్ అనే విషపదార్థానికి భయపడి దాని జోలికే పోలేదు. మిగిలింది సోయా చెక్క. మాంసకృత్తులు 44 నుంచి 48 శాతం ఉంటాయి, అయితే నిన్నటిదాకా పాలు తాగిన పేగుకు అది ఒక్కసారిగా పడదు. అందులోని గ్లైసినిన్, బీటా కాంగ్లైసినిన్ అనే మాంసకృత్తులు పేగు గోడను దెబ్బతీస్తాయి. రాఫినోజ్, స్టాకియోజ్ చక్కెరలు అరగక పెద్దపేగులో పులిసి కడుపు పాడుచేస్తాయి. చెక్కను ముందే సూక్ష్మజీవులతో పులియబెడితే ఇవి చాలావరకు తగ్గుతాయని విని మొదటి బస్తా తెచ్చాను.

మూతి విప్పగానే పులిసిన దోసెపిండి వాసన, దాని వెనకే వేయించిన గింజల కమ్మదనం. మామూలు చెక్కను మూతితో నెట్టేసే పిల్లలు దీన్ని నాకి నాకి తొట్టి అడుగు కనిపించేలా చేశాయి. నాకు ధైర్యం వచ్చింది అక్కడే.

వంద కిలోల దాణాలో 25 కిలోల సోయా చెక్క వేసేవాణ్ణి. ఇప్పుడు 15 కిలోలు మామూలుది, 10 కిలోలు పులియబెట్టినది. మొత్తం మార్చి చూసినా అదనపు లాభం కనిపించలేదు. పది పిల్లల ఈతలో ఇదివరకు ఐదారింటికి పారుడు వచ్చేది, ఇప్పుడు ఒకటి రెండింటికి మించి రావడం లేదు. ధర మామూలు చెక్కకు దాదాపు రెట్టింపు. అయినా పద్నాలుగు రోజుల్లో ఒక్కో పిల్ల తినే ఐదు కిలోల దాణాలో ఇది అరకిలోనే. చనిపోయే ఒక్క పిల్ల ఖరీదుతో పోలిస్తే అది ఏపాటి?

అన్ని బస్తాలూ ఒకేలా రావు. రెండో ఏడాది ఒక లోడు ముదురు గోధుమరంగులో, మాడు వాసనతో వచ్చింది. ఎక్కువ వేడి తగిలితే లైసిన్ దెబ్బతింటుంది. ఆ ఈత పిల్లలు ఆరోగ్యంగానే ఉన్నా బరువు పెరగలేదు. అప్పటినుంచి పిడికెడు చేతిలోకి తీసుకుని రంగు, వాసన చూడనిదే డబ్బు ఇవ్వడం లేదు. వానాకాలంలో మాత్రం రెండు వారాలకు సరిపడేంతే కొంటాను, చెక్కపలకల మీద గోడకు ఎడంగా పెడతాను.

పాక నేల తడిగా ఉన్నా, రాత్రి చలిగాలి కొట్టినా ఈ దాణా ఏమీ చేయలేదు. చేపల పొడిని కూడా పూర్తిగా మానేయగలనేమోనని రెండు ఈతల మీద ప్రయత్నించాను. లైసిన్ పొడి కలిపినా పిల్లలు వెనకబడ్డాయి. ప్రస్తుతం వంద కిలోల దాణాకు మూడు కిలోల చేపల పొడి వేస్తున్నాను. అదీ గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి, అడుగున ఇసుక చేరలేదని చూసుకున్నాకే.