ఉబుంటులో వెన్వ్: మూడేళ్ల వాడకం తర్వాత

ఒక్కో ప్రాజెక్టు పైథాన్ ప్యాకేజీలను వేరే ఫోల్డర్లో విడిగా ఉంచే పనిముట్టు వెన్వ్. మధురవాడ ఆఫీసు సర్వరులోనూ ఇంటి ల్యాప్‌టాప్‌లోనూ వాడుతున్నది ఇదొక్కటే. 3.3 నుంచి పైథాన్‌తోపాటే వస్తుంది గానీ ఉబుంటు దాన్ని విడదీసి పెట్టింది. ముందు 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-వెన్వ్' కొట్టకపోతే ఎన్‌ష్యూర్‌పిప్ (ప్యాకేజీలు దించే పిప్‌ను అమర్చే భాగం) లేదంటూ ఆగిపోతుంది. తర్వాత ప్రాజెక్టు ఫోల్డర్లో 'పైథాన్3 -ఎమ్ వెన్వ్ .వెన్వ్', అంతే.

ఉబుంటు 24.04లో వెన్వ్ లేకుండా పిప్ కొడితే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్' అని తిప్పికొడుతుంది. బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ ఫ్లాగు పెట్టేయమనే సలహా కాలేజీ ల్యాబుల్లో బాగా తిరుగుతోంది. వద్దు. ఉబుంటు సొంత పనిముట్లు కొన్ని అదే పైథాన్ మీద నడుస్తాయి, ఫ్లాగు పేరే చెబుతోంది కదా ఏం జరుగుతుందో.

విడిగా ఉంచడంలో వంక పెట్టలేం. సిస్టమ్ ప్యాకేజీలూ, హోమ్‌లో .లోకల్ కింద ఉన్నవీ కనిపించవు. పైథాన్‌పాత్ (ప్యాకేజీలు ఇంకెక్కడ వెతకాలో చెప్పే సెట్టింగ్) మాత్రం దూరిపోతుంది. ఆర్ఓఎస్ (రోబోల సాఫ్ట్‌వేర్) సెటప్ ఫైలును, టెర్మినల్ తెరవగానే నడిచే .బాష్‌ఆర్‌సీలో పెట్టుకున్న మిషన్లలో ఇదే గోల: రిక్వైర్‌మెంట్స్ జాబితాలో లేని ప్యాకేజీ హాయిగా ఇంపోర్ట్ అవుతుంది, సర్వరులో పడిపోతుంది. అనుమానమొస్తే ఆ మాడ్యూల్ '__ఫైల్__' ప్రింట్ చేసి చూడండి. 'అన్‌సెట్ పైథాన్‌పాత్'తో తీరుతుంది.

రేటింగులో ఒక స్టారు కోసేది ఫోల్డర్ కాపీ దగ్గర. పాత దారి, వెన్వ్‌ను టెర్మినల్లో ఆన్ చేసే యాక్టివేట్ స్క్రిప్టులోనూ, పిప్ ఫైలు మొదటి లైన్లోనూ రాసి ఉంటుంది. కాపీలో యాక్టివేట్ చేసి పిప్ కొడితే సరుకంతా చప్పుడు లేకుండా పాత వెన్వ్‌లోకే పోతుంది. పాతది తీసేసి ఉంటే, కాపీలోని పిప్‌ను పూర్తి దారితో కొట్టినప్పుడు కనీసం ఎర్రర్ ఇచ్చి అరుస్తుంది. కాపీ చేయకుండా కొత్తది కట్టుకోవడమే మేలు. అసలు యాక్టివేట్‌తో పనేముంది? టైముకు పనులు నడిపే క్రాన్‌లోనైనా, చేత్తోనైనా '.వెన్వ్/బిన్/పైథాన్' పూర్తి దారి ఇస్తే చాలు.

తీరరేఖ ఉపగ్రహ చిత్రాలతో పనిచేసేవాళ్లకు, వాటిని చదివే లైబ్రరీ జీడాల్ తలనొప్పి: పిప్ వెర్షన్ సిస్టమ్ లైబ్రరీ వెర్షన్‌కు సరిపోవాలి. ఆప్ట్‌లో పైథాన్3-జీడాల్ వేసి, వెన్వ్‌ను సిస్టమ్-సైట్-ప్యాకేజెస్ ఫ్లాగుతో కట్టండి. వేసిన ప్యాకేజీల జాబితా తీసేటప్పుడు 'పిప్ ఫ్రీజ్ --లోకల్' అనాలి, లేకపోతే సిస్టమువన్నీ వచ్చి పడతాయి.

22.04 నుంచి 24.04కు మారితే పైథాన్ 3.10 పోయి 3.12 వస్తుంది, పాత వెన్వ్‌లో పిప్ కూడా దొరకదు. ఫ్రీజ్ ముందే తీసుకోవాలి. మరిచిపోతే లిబ్/పైథాన్3.10/సైట్-ప్యాకేజెస్‌లో డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్ల పేర్లు చూడండి, వెర్షన్ నంబర్లు అక్కడే ఉంటాయి.