90 రోజుల నోటీస్: పూర్తిగా చెయ్యడమా, బైఔట్ కట్టి వెళ్ళిపోవడమా?

నేను కంపెనీ మారాను అని తెలిసిన దగ్గర్నుంచి అందరూ అడుగుతున్నది ఇదే. ఆఫర్ చేతిలో ఉంది, పాత ఆఫీసులో ఇంకా 90 రోజులు ఉండాలి, పొద్దున్నే లాప్‌టాప్ తెరవాలంటేనే మనసు రావట్లేదు, బైఔట్, అంటే చెయ్యని నోటీస్ రోజులకి జీతం లెక్కన డబ్బు, కంపెనీకి కట్టేసి పోదామా లేక చివరిదాకా ఉండి పోదామా అని. నేను ఈ మధ్యే హైదరాబాద్‌లో ఇదే తేల్చుకోవాల్సి వచ్చి రెండు వైపులా లెక్కలు వేసుకున్నాను, అందుకే రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెడతారు. బైఔట్ బేసిక్ మీదా, గ్రాస్ మీదా అన్నది మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది, తీసి చూసుకోండి. నెలకి గ్రాస్ లక్ష, అందులో బేసిక్ 45 వేలు అనుకుంటే, 45 రోజులు తగ్గించుకోవడానికి బేసిక్ మీదైతే 67,500, గ్రాస్ మీదైతే లక్షన్నర. అంత తేడా ఉంది. ఒకప్పుడు కొన్నిచోట్ల దీని మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపేవాళ్ళు, 2022 ఆగస్టు 3న వచ్చిన సర్క్యులర్‌తో నోటీస్ పే రికవరీకి జీఎస్టీ లేదని తేలిపోయింది, సెటిల్‌మెంట్ షీట్‌లో ఇంకా ఆ లైన్ కనిపిస్తే గట్టిగా అడగండి. కొత్త కంపెనీ రీయింబర్స్ చేస్తానంటే సంతోషమే, కానీ ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి అనే కండిషన్ చాలా ఆఫర్ లెటర్లలో ఉంటుంది, అది చదవకుండా ఒప్పుకోవద్దు.

ఇంకొకటి, సర్వీస్ 4 ఏళ్ళ 9 నెలలో 10 నెలలో అయినవాళ్ళు బైఔట్ మాట ఎత్తకపోవడమే మంచిది. గ్రాట్యుటీకి (మానేసేటప్పుడు సర్వీస్‌ని బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు) 5 ఏళ్ళ సర్వీస్ కావాలి, నోటీస్‌లో పని చేసిన రోజులు కూడా అందులోకే వస్తాయి. లెక్కకి తీసుకునే జీతం 45 వేలు అయితే ఏడాదికి 15 రోజుల చొప్పున, నెలకి 26 రోజుల లెక్కన, 5 ఏళ్ళకి దాదాపు 1.3 లక్షలు. రెండు మూడు నెలలు ఓపిక పడితే వచ్చే డబ్బు వదులుకుని, పైగా ఎదురు కట్టి వెళ్ళడం ఎందుకు.

సరే, డబ్బు ఎవరి లెక్క వాళ్ళు వేసుకుంటారు. నా దృష్టిలో దీన్ని తేల్చేది డబ్బు కాదు. మీ దగ్గర కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే మీ పని నేర్పి అప్పజెప్పడం) తీసుకునే మనిషి ఉన్నారా లేరా, అది.

ఎందుకు అంటున్నానంటే, నోటీస్‌లో ఉత్సాహం చచ్చిపోయేది పని ఎక్కువై కాదు. రేటింగ్ ఉండదు, హైక్ ఉండదు, కొత్త ప్రాజెక్ట్ మీటింగులకి పిలవడం మానేస్తారు, మీరు రాసిన డిజైన్ గురించి మాట్లాడుకుంటూ మిమ్మల్ని కాకుండా పక్కవాళ్ళని అడుగుతారు. మనం చేసేది ఎవరికీ అక్కర్లేదు అన్న ఫీలింగ్ మొదలయ్యాక ఎంత డిసిప్లిన్ ఉన్నవాళ్ళైనా పది రోజులకి మించి నిలబడలేరు, టైమ్‌టేబుల్ వేసుకోండి, పొద్దున్నే వాకింగ్ చెయ్యండి లాంటి సలహాలు అక్కడ పనిచెయ్యవు. అదే ఎదురుగా ఒక జూనియర్ కూర్చుని "అక్కా, ఈ బ్యాచ్ జాబ్ రాత్రి రెండింటికి ఫెయిల్ అయితే ముందు ఏ లాగ్ చూడాలి, ఎవరికి కాల్ చెయ్యాలి" అని అడుగుతుంటే, ఆ రోజు ఆఫీసుకి వెళ్ళడానికి కారణం దొరుకుతుంది. మనం నాలుగేళ్ళు తల పగలగొట్టుకుని నేర్చుకున్నది ఇంకొకళ్ళకి పనికొస్తోంది కదా.

కేటీ తీసుకునే మనిషి లేకుండా డాక్యుమెంట్లు రాస్తూ కూర్చోవడం, వినేవాళ్ళు లేకుండా హరికథ చెప్పినట్టు. రాస్తాం, షేర్‌పాయింట్‌లో పెడతాం, ఎవరూ తెరవరు. చివరి వారంలో హడావిడిగా ఒకళ్ళని తెచ్చి కూర్చోబెట్టి నాలుగేళ్ళ పని నాలుగు రోజుల్లో చెప్పమంటారు, అది ఇద్దరికీ నరకం, ముఖ్యంగా ఆ వచ్చినవాళ్ళకి, ఎందుకంటే మనం వెళ్ళిపోతాం, తిట్లు తినేది వాళ్ళు.

అందుకే నేను పూర్తిగా చేసే వెళ్ళాను. నా చోట మనిషిని మొదట్లోనే ఇచ్చారు, ఎందుకంటే రిజైన్ చేసిన వారంలోనే మేనేజర్‌కి మెయిల్ పెట్టాను, నా దగ్గరున్న పనులన్నీ వరసగా రాసి ఒక్కోదాని పక్కన "దీన్ని ఎవరు తీసుకుంటారు" అని ఖాళీ వదిలి. నోటితో అడిగితే చూద్దాం అంటారు, మెయిల్‌లో ఖాళీ గడులు కనపడితే వాళ్ళకీ పేరు నింపక తప్పదు.

మనిషి దొరికాక పని పంచుకోవడం ఇలా. మొదటి నెల మీరు చేస్తూ ఉంటే వాళ్ళు చూడాలి, సెషన్లు రికార్డ్ చెయ్యండి. రెండో నెల రివర్స్ కేటీ, అంటే టికెట్ (సరిచెయ్యమని వచ్చిన పని) వాళ్ళు చేస్తారు, మీరు పక్కన కూర్చుంటారు, కీబోర్డ్ మాత్రం ముట్టుకోకూడదు, ఇదే అన్నిటికంటే కష్టం. మూడో నెలకి ఆన్‌కాల్ లిస్ట్‌లో, అంటే ఏదైనా ఫెయిల్ అయితే ఎవరికి కాల్ చెయ్యాలో ఉండే లిస్ట్‌లో, వాళ్ళ పేరు ముందుండాలి, మీది వెనక. ఇలా చేస్తే ఒక లాభం కూడా ఉంది, రెండో నెల చివరికే అంతా అప్పజెప్పేసి ఉంటారు కాబట్టి ఎర్లీ రిలీజ్ అడగొచ్చు, అప్పుడు చాలాసార్లు పైసా కట్టకుండానే ఒప్పుకుంటారు. బైఔట్ కడతానన్నా "రీప్లేస్‌మెంట్ లేదు, వదలం" అనే మేనేజర్లు కూడా అప్పజెప్పడం అయిపోయిందని చూపిస్తే మెత్తబడతారు. ఇంకా ఉండమంటే ఆ మిగిలిన రోజుల్లో కొత్త ఉద్యోగానికి కావాల్సింది చదువుకోండి, కొత్త ఆఫీసు బెంగళూరులో అయితే ఇల్లు, పిల్లల స్కూల్ అడ్మిషన్ లాంటివి చూసుకోవడానికి ఆ టైమ్ బంగారం. సెలవులు పెట్టే ముందు మాత్రం హెచ్ఆర్‌ని అడగండి, చాలా చోట్ల నోటీస్‌లో సెలవు పెడితే ఎల్‌డబ్ల్యూడీ, అంటే చివరి పని దినం, అన్ని రోజులు ఆలస్యమవుతుంది.

మరి బైఔట్ ఎప్పుడు మేలు? మూడో వారానికి కూడా మనిషిని ఇవ్వకపోతే, మెయిల్ పెట్టి అడిగినా కదలిక లేకపోతే, కొత్త కంపెనీ జాయినింగ్ డేట్ జరిపి ఇంకా తొందరగా చేర్చుకోవడానికి ఒప్పుకుంటే, కట్టేసి వెళ్ళిపోండి. నిజంగా అంటున్నా, అలాంటి చోట మూడు నెలలు ఖాళీగా కూర్చుంటే మనిషి పాడైపోతాడు, ఆ నీరసంతోనే కొత్త చోట మొదటి రోజు అడుగుపెడతారు. డేట్ జరగదు అంటే మాత్రం కట్టొద్దు, డబ్బులిచ్చి ఇంట్లో కూర్చున్నట్టే అవుతుంది.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. ఆఫర్ పట్టుకుని ఇంకో ఆఫర్ కోసం ఇంటర్వ్యూలు తిరగడం కొందరు చేస్తారు, జీతం పెరగొచ్చు, కానీ మూడు నెలలూ మనసు ఎక్కడా ఉండదు. చెప్పకుండా మానెయ్యడం వద్దే వద్దు, రిలీవింగ్ లెటర్ రాదు. నోటీస్‌లో ఉండగానే కొత్త చోట చేరిపోవడం ఇంకా ప్రమాదం, రెండు కంపెనీల పీఎఫ్ ఒకే యూఏఎన్‌లో (మీ పేరు మీదుండే పీఎఫ్ నంబర్) పడుతుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తేదీలు కలిసిపోయినట్టు కనిపిస్తుంది.

ఏది ఎంచుకున్నా ఇది చూసుకోండి. కంపెనీ ఇచ్చే గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ మామూలుగా చివరి పని దినంతోనే ఆగిపోతుంది, అమ్మానాన్నలు అందులో ఉంటే వాళ్ళకీ అంతే. శుక్రవారం వదిలి సోమవారం చేరితే పెద్దగా భయం లేదు, బైఔట్ కట్టి మధ్యలో నెల రోజులు రెస్ట్ తీసుకుందాం అనుకునేవాళ్ళు మాత్రం విడిగా ఒక పాలసీ ముందే తీసుకోండి, రిజైన్ చేశాక కాదు, అంతకంటే ముందే, ఎందుకంటే కొత్త పాలసీలో యాక్సిడెంట్లు తప్ప మిగతా జబ్బులకి మొదటి 30 రోజులు కవర్ ఉండదు.